గోడకు, స్లాబుకు రీపర్లు బిగించడానికి బ్రాకెట్లు: ఏవి, ఎక్కడ, ఎన్ని?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. విజయవాడలో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంటు, పై అంతస్తు. హాలు 12 అడుగులు, 15 అడుగులు. స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులే. 12 అడుగుల పడమటి గోడ ఒకచోట ఉబ్బి, ఒకచోట లోపలికి పోయి మొత్తం మీద అంగుళంపావు తేడా ఉంది. దాని మీద జిప్సం బోర్డు, టీవీ వెనక కొంత భాగం లూవర్లు (పక్కపక్కన నిలబెట్టే సన్నటి అలంకరణ పట్టీలు) అనుకుంటున్నారు. పైన ఎత్తు పోకుండా ఫాల్స్ సీలింగ్ కావాలి. కార్పెంటరు రెండంగుళాలు–ఒకంగుళం రీపర్లు (కర్ర పట్టీలు) నేరుగా గోడకు కొట్టి, పల్లం ఉన్నచోట ప్లైవుడ్ ముక్కలు ప్యాకింగ్ పెడతానన్నాడు. సీలింగ్ మేస్త్రీ యు ఆకారపు రేకు బ్రాకెట్లు, జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప రేకు) చానళ్లు అన్నాడు. ఎవరి మాట వినాలి, ఎన్ని బ్రాకెట్లు పడతాయి అని అడిగారు.

సీలింగ్ మేస్త్రీ మాటే వినండి. అంగుళంపావు తేడా ఉన్న గోడకు యు బ్రాకెట్, జీఐ చానల్ సరైన పద్ధతి. గోడ మీద నిలువు చానళ్లు రెండడుగులకొకటి, ఒక్కో చానల్‌కు 600 మి.మీ.కొక బ్రాకెట్. స్లాబుకు ఒకటిన్నర అడుగులకొక చానల్, దానికి 900 మి.మీ. దాటకుండా బ్రాకెట్లు. గోడకు 50, సీలింగుకు 50 కొంటే మీ హాలుకు సరిపోతాయి. లెక్క కింద విడివిడిగా ఇస్తాను. అయితే మీది పై అంతస్తు, పాతికేళ్ల స్లాబు. కాబట్టి బ్రాకెట్లు కొనే ముందే గోడనూ స్లాబునూ పరీక్షించాలి. ఈ పనిలో బ్రాకెట్ విరిగి చెడిపోవడం అరుదు. చెడేది అది పట్టుకున్న చోటు.

ముందు ప్యాకింగ్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. రీపర్‌ను నేరుగా గోడకు కొట్టినప్పుడు స్క్రూ ఒకేసారి రెండు పనులు చేయాలి: రీపర్‌ను గోడకు పట్టి ఉంచాలి, దాన్ని లైన్లోనూ ఉంచాలి. వెనక 30 మి.మీ. ప్యాకింగ్ ఉంటే స్క్రూలో అంత భాగం గాలిలో వేలాడుతుంది. బోర్డు బరువు దాన్ని కిందికి వంచుతుంది. ప్లైవుడ్ ముక్కలు వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుదించుకుపోతాయి, లేదా పక్కకు జారిపోతాయి. అప్పుడు రీపర్ వదులై బోర్డు జాయింట్ల దగ్గర సన్నటి పగులు కనిపిస్తుంది. పుట్టీ పెట్టి రంగేస్తే ఆరు నెలలకు మళ్లీ అదే చోట వస్తుంది. యు బ్రాకెట్‌లో ఈ రెండు పనులూ విడిపోతాయి. దాని అడుగు గోడకు ఆనుకుని గట్టిగా బిగుస్తుంది. దాని రెండు కాళ్ల మధ్య చానల్‌ను ముందుకూ వెనక్కూ జరిపి, లైను కుదిరినచోట పక్కనుంచి స్క్రూ వేస్తారు. గోడ ఎంత వంకరగా ఉన్నా చానల్ నిటారుగానే ఉంటుంది.

గోడ తేడా రెండు నూళ్ల లోపే, అంటే 6 మి.మీ. లోపే ఉంటే బ్రాకెట్లు అక్కర్లేదు. అలాంటి గోడకు నేరుగా కొట్టినా బాగానే ఉంటుంది, గదిలో అంగుళం చోటు కూడా మిగులుతుంది. మీది పది నూళ్లు. అందుకే వద్దంటున్నాను.

కర్ర రీపర్లా, జీఐ చానలా అంటే, జిప్సం బోర్డు కింద చానలే మేలు. మన దగ్గర టింబర్ డిపోల్లో దొరికే రీపర్లు చాలావరకు పచ్చి కర్ర. బిగించాక ఆరి మెలితిరుగుతాయి. పై అంతస్తు పడమటి గోడ వేసవిలో కాలిపోతుంది కాబట్టి ఆ మెలి ఇంకా ఎక్కువ. చెదల భయం వేరే. కర్రే వాడాలనుకుంటే బాగా ఆరినది తీసుకుని, కోసిన చివరలతో సహా చెదల మందు రెండు కోట్లు పట్టించండి. యు బ్రాకెట్‌కు కర్ర రీపర్ కూడా పడుతుంది. లోపలి వెడల్పు మాత్రం రీపర్ వెడల్పుకు సరిపోవాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆన్‌లైన్లో దొరికే యు బ్రాకెట్లలో ఎక్కువ భాగం 60 మి.మీ. వెడల్పు, 27 మి.మీ. లోతు ఉండే విదేశీ కొలత చానల్ కోసం చేసినవి. మన సీలింగ్ షాపుల్లో దొరికే చానల్‌ను సీలింగ్ సెక్షన్ అంటారు, దాని ఆకారం వేరు. దాని ముఖం 51.5 మి.మీ., రెండు పక్కలా 26 మి.మీ. అంచులు, వాటి చివర బయటికి తిరిగిన 10.5 మి.మీ. పెదవులు ఉంటాయి. పెదవులతో కలిపి వెడల్పు 70 మి.మీ. దాటుతుంది. 60 మి.మీ. బ్రాకెట్‌లో అది కూర్చోదు. అక్కడికొచ్చాక పనివాళ్లు కాళ్లు వెడల్పు చేసి, వంచి ఎలాగో ఇరికిస్తారు. కాలు ఏటవాలుగా ఉంటే స్క్రూ సరిగా పట్టదు. బ్రాకెట్, చానల్ ఒకే షాపులో, ఒకదానిలో ఒకటి పెట్టి చూసి కొనండి. కాళ్ల పొడవు 100 నుంచి 125 మి.మీ., రేకు మందం 0.8 మి.మీ.కు తగ్గకుండా చూడండి. చేత్తో కాలును ఇట్టే మెలితిప్పగలిగితే అది పనికిరాదు.

సరైన కొలత యు బ్రాకెట్ దొరక్కపోతే ఒక దారి ఉంది. స్లాబుకు కొట్టే జీఐ క్లీట్‌కు (ఎల్ ఆకారపు చిన్న రేకు ముక్క) 25×10 సీలింగ్ యాంగిల్ చిన్న ముక్క కోసి తగిలించి, ఆ ముక్కను సీలింగ్ సెక్షన్ పక్క అంచుకు రెండు స్క్రూలతో బిగించడం. ఇది ఒకవైపే పట్టుకుంటుంది కాబట్టి ఒక బ్రాకెట్ కుడివైపు వస్తే తర్వాతది ఎడమవైపు రావాలి. అన్నీ ఒకేవైపు వేస్తే సెక్షన్ మెలితిరిగి బోర్డు జాయింటు దగ్గర మెట్టులా కనిపిస్తుంది.

ఇప్పుడు పరీక్షల సంగతి. స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా అడుగుకొకసారి తట్టండి. గట్టి శబ్దం, గుల్ల శబ్దం తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. గుల్లగా మోగిన చోటు చుట్టూ సుద్దతో గీయండి. ఆ గీత లోపల బ్రాకెట్ రాకూడదు, లేదా ఆ ప్లాస్టరింగ్ కొట్టేసి ఇటుక మీద బిగించాలి. గోడ చెమ్మకు ఇంకో పరీక్ష. రెండడుగుల పాలిథిన్ కాగితం నాలుగు అంచులా గట్టిగా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. తీసినప్పుడు గోడవైపు తడి కనిపిస్తే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. గదివైపు తడి ఉంటే అది గదిలో గాలి తేమ. గోడవైపు తడి ఉంటే పని ఆపి, బయటి ప్లాస్టరింగ్ పగుళ్లూ కిటికీ సజ్జా ముందు బాగుచేయించండి. చెమ్మ గోడను బోర్డుతో కప్పితే చెమ్మ కనిపించదు గానీ పోదు. లోపల బ్రాకెట్ అడుగు తుప్పు పట్టి, జిప్సం నల్లబూజు పడుతుంది.

స్లాబు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దాన్నీ గోడలాగే తట్టి చూడండి. మీ పైన డాబానే. వానాకాలంలో ఎక్కడైనా పసుపు మరక, తెల్లటి ఉప్పు లాంటి పొర కనిపించిందా? పెచ్చులూడిందా? ఊడినచోట ఎర్రగా ఇనుము కనిపిస్తుందా? ఇనుము తుప్పుపట్టి స్లాబు పెచ్చులు ఊడుతుంటే అక్కడ సీలింగ్ వేయకండి. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును కిందికి నెడుతుంది. ఆ పెచ్చుతో పాటు మీ యాంకరూ ఊడి వస్తుంది. ముందు డాబా వాటర్‌ప్రూఫింగ్, ఆ తర్వాత స్లాబు రిపేరు, ఒక వానాకాలం చూశాక సీలింగ్. ఈ క్రమం తప్పితే పెట్టిన డబ్బంతా వృథా.

సీలింగులో నైలాన్ ప్లగ్గులు వద్దు. గోడకు సరే, స్లాబుకు స్టీలు యాంకరే. గోడకు ఉన్న స్క్రూ మీద బరువు అడ్డంగా పడుతుంది. స్లాబుకు ఉన్న స్క్రూను బరువు నిలువునా రోజూ కిందికి లాగుతుంది. ఫ్యాను అదురు దానికి తోడు. నైలాన్ నెమ్మదిగా సడలుతుంది, నిప్పంటుకుంటే కరిగిపోతుంది. 6 మి.మీ. స్టీలు ఎక్స్‌పాన్షన్ యాంకర్ (బిగిస్తే రంధ్రంలో విచ్చుకుని పట్టేది) వాడండి. పొడవు లెక్క ప్లాస్టరింగ్ నుంచి కాదు, కాంక్రీటు నుంచి వేయాలి. స్లాబు అడుగున 12 మి.మీ. ప్లాస్టరింగ్ ఉంటే 40 మి.మీ. యాంకర్‌లో కాంక్రీటులో ఉండేది 28 మి.మీ. మాత్రమే. ఒక మూల చిన్న రంధ్రం చేసి బయటికొచ్చే పొడి రంగు చూడండి. ప్లాస్టరింగ్ పొడి ఒక రంగు, గీచినట్టు గట్టిగా తగిలాక వచ్చే కాంక్రీటు పొడి ఇంకో రంగు. రంగు మారినచోట డ్రిల్ బిట్ మీద టేపు చుడితే ప్లాస్టరింగ్ మందం తెలిసిపోతుంది.

యాంకర్‌కు కావలసినంత లోతు దాటి డ్రిల్ చేయకూడదు. ఫ్యాన్ బాక్సు నుంచి గోడ వైపు వైర్ల పైపు స్లాబులోనే పోతుంది. ఫ్యాను దగ్గర నుంచి స్విచ్ బోర్డున్న గోడకు తిన్నగా ఒక గీత ఊహించుకుని, దానికి అటూ ఇటూ అడుగు దూరం వదలండి. పాత ఇళ్లలో పైపు ఎప్పుడూ తిన్నగా పోదు కాబట్టి మెయిన్ ఆపేసి కార్డ్‌లెస్ హ్యామర్ డ్రిల్ వాడటం మంచిది. గోడ మీద స్విచ్ బోర్డుకు పైనా కిందా నిలువుగా ఉన్న పట్టీలో డ్రిల్ పెట్టొద్దు. బిట్టు ఇనుముకు తగిలితే గట్టిగా నొక్కి కోసే ప్రయత్నం చేయకండి. రెండంగుళాలు పక్కకు జరగండి. పాత రంధ్రానికీ కొత్తదానికీ మధ్య ఆ మాత్రం దూరం లేకపోతే కొత్త యాంకర్ బిగిసేటప్పుడు మధ్య కాంక్రీటు పగిలిపోతుంది.

గోడకు పాత ఎర్ర ఇటుక అనుకుంటున్నాను. లోపలి ప్లాస్టరింగ్ 15 నుంచి 20 మి.మీ. ఉంటుంది. 8 మి.మీ. వ్యాసం, 60 మి.మీ. పొడవు నైలాన్ ప్లగ్, 5 మి.మీ. మందం, 65 మి.మీ. పొడవు స్క్రూ. రంధ్రం 70 మి.మీ. లోతు. అప్పుడు ప్లగ్‌లో 40 మి.మీ. ఇటుకలో ఉంటుంది, అక్కడే విచ్చుకుంటుంది. చాలామంది 35 మి.మీ. ప్లగ్ వేస్తారు. అది దాదాపు సగం ప్లాస్టరింగ్‌లోనే ఉండి, స్క్రూ తిప్పగానే ప్లాస్టరింగ్‌ను లోపలినుంచి పగలగొడుతుంది. రంధ్రం ఇటుకల మధ్య సిమెంటు జాయింటులో పడితే పొడి మెత్తగా ఇసుకలా వస్తుంది, బిట్టు జారినట్టు దిగుతుంది. అక్కడ వద్దు, అంగుళంన్నర పైకో కిందికో జరగండి. మీ ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డగోడలుంటే వాటి మీద హ్యామర్ తగ్గించి డ్రిల్ చేయాలి, లేకపోతే అవతల గదిలో ప్లాస్టరింగ్ ఊడుతుంది.

రంధ్రంలో పొడి ఊది తీయడం ఎవరూ పట్టించుకోని పని. పొడి మిగిలితే ప్లగ్ చివరిదాకా పోదు, సుత్తితో కొడితే తల నలిగిపోతుంది. చిన్న రబ్బరు పంపుతో రెండు మూడుసార్లు ఊదండి. ముక్కుకు మాస్కు, కంటికి అద్దాలు తప్పనిసరి, ముఖ్యంగా స్లాబు పనికి.

ఈ సమాధానం చదివే వేరే వాళ్ల కోసం రెండు మాటలు. కొత్త ఫ్లాట్లలో తేలికపాటి ఏఏసీ బ్లాకు గోడలుంటే హ్యామర్ ఆపేసి మామూలుగా తిప్పుతూ డ్రిల్ చేయాలి. హ్యామర్ పెడితే రంధ్రం పెద్దదైపోతుంది. ప్లగ్ కూడా ఏఏసీ కోసం చేసినదే కావాలి, లేదా 80 నుంచి 100 మి.మీ. పొడవుది. మైవాన్ (అల్యూమినియం అచ్చుల్లో పోసిన) కాంక్రీటు గోడలకు 6 మి.మీ. ప్లగ్ చాలు. కానీ ఆ గోడల్లో వైర్లు, ఇనుము దట్టంగా ఉంటాయి కాబట్టి డిటెక్టర్ లేకుండా మొదలుపెట్టవద్దు.

ఇక గోడ పని వరుస. ముందు లేజర్ లెవెల్‌తో గోడకు సమాంతరంగా ఒక నిలువు తలం వేసి, అడుగడుక్కీ టేపుతో కొలిచి గోడ ఎక్కడ అన్నిటికంటే ముందుకు ఉబ్బిందో కనిపెట్టండి. లేజర్ లేకపోతే తూకం గుండు, నూలు దారం చాలు. చానల్ లైను ఆ ఉబ్బును బట్టే నిర్ణయించాలి. చానల్ లోతు 27 మి.మీ. అనుకుంటే, ఉబ్బు దగ్గర వెనక 5 మి.మీ. ఖాళీ వదిలి, చానల్ ముఖం ఉబ్బు నుంచి 32 మి.మీ. దూరంలో ఉండాలి. పల్లం దగ్గర అదే 64 మి.మీ. అవుతుంది. ఇది కనీస దూరం. మీ గోడ పడమర కాబట్టి లోపల 50 మి.మీ. రాక్‌వూల్ (వేడిని ఆపే దూదిలాంటి పలక) పెట్టమంటాను, వేసవి సాయంత్రాలు గోడ వదిలే వేడిలో తేడా తెలుస్తుంది. అలా అయితే చానల్ ముఖం ఉబ్బు నుంచి 50 మి.మీ.లో పెట్టండి, బోర్డుతో కలిపి గదిలో రెండున్నర అంగుళాలు పోతాయి. రాక్‌వూల్‌ను నొక్కి ఇరికిస్తే దాని పని తగ్గిపోతుంది.

నిలువు గీతలు 610 మి.మీ. దూరంలో గీయండి. ఈ కొలతకు కారణం బోర్డు. మన జిప్సం బోర్డు వెడల్పు 1220 మి.మీ., కాబట్టి ప్రతి బోర్డు అంచూ ఒక చానల్ మధ్యలో పడుతుంది, బోర్డు నడుముకు ఇంకో చానల్ వస్తుంది. 12 అడుగుల గోడకు ఆరు ఖాళీలు, ఏడు గీతలు. చివరి రెండూ మూల నుంచి 50 మి.మీ. ఇవతలికి. ఒక్కో గీత మీద నేల నుంచి 150, 750, 1350, 1950, 2550, 2750 మి.మీ. ఎత్తుల్లో బ్రాకెట్లు. పైనా కిందా చివరల నుంచి 150 దాటకూడదు, ఎందుకంటే చానల్ కొస గాలిలో ఉంటే అక్కడే బోర్డు లోపలికి పోతుంది. గీతకు ఆరు చొప్పున 42. టీవీ దగ్గర అదనంగా ఆరేడు. అందుకే 50 అన్నాను.

బ్రాకెట్ అడుగున మధ్య రంధ్రంలో ఒక్క స్క్రూ చాలు. గట్టిగా బిగించాక రెండు కాళ్లూ తొంభై డిగ్రీలకు ముందుకు వంచండి. ముందే వంచి బిగిస్తే డ్రిల్లు పట్టదు. బ్రాకెట్ అడుగుకూ గోడకూ మధ్య పల్చటి ఫోమ్ టేపు ముక్క పెడితే శబ్దం, అదురు తగ్గుతాయి.

మొదట రెండు మూలల చానళ్లు లేజర్ ప్రకారం నిలబెట్టి బిగించండి. వాటి మధ్య పైనా, నడుమా, కిందా మూడు దారాలు లాగండి. మధ్య ఐదు చానళ్లూ దారానికి 1 మి.మీ. దూరంలో ఆగాలి, తాకకూడదు. ఒక్క చానల్ దారాన్ని నెట్టినా మిగతావన్నీ ఆ తప్పుతోనే వస్తాయి. చానల్ పొడవు గది ఎత్తుకంటే 10 మి.మీ. తక్కువగా కోయండి. పైనా కిందా బిర్రుగా ఇరికితే ఎండకు సాగి మధ్యలో విల్లులా వంగుతుంది, రాత్రిపూట టక్ టక్ మని చప్పుడు చేస్తుంది.

పక్క స్క్రూలు 13 మి.మీ. వేఫర్ హెడ్ (పల్చటి వెడల్పాటి తల), సొంతంగా రేకును తొలుచుకుపోయేవి. కాలుకు రెండు, బ్రాకెట్‌కు నాలుగు. నల్లటి డ్రైవాల్ స్క్రూలు ఇక్కడ వాడనివ్వకండి. అవి బోర్డును పట్టడానికి చేసినవి. రేకుకు రేకు బిగిస్తే తల తెగుతుంది, చెమ్మకు తుప్పు పడతాయి. పనివాడి జేబులో అవే ఉంటాయి కాబట్టి అవే వేసేస్తాడు, దగ్గరుండి చూడాలి. మిగిలిన కాళ్ల కొసలు వెనక్కి మడవండి లేదా కోసేయండి. చానల్ ముఖం దాటి ఒక్క మిల్లీమీటరు ముందుకొచ్చినా బోర్డు అక్కడ ఉబ్బుతుంది. కోసినచోట జింక్ పెయింట్ రాయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది మానేస్తే కోసిన అంచు నుంచే తుప్పు మొదలవుతుంది.

తొమ్మిదిన్నర అడుగుల ఎత్తుకు ఆరడుగుల బోర్డు ఒక్కటి చాలదు కాబట్టి అడ్డం జాయింటు వస్తుంది. ఆ జాయింటు వెనక చానల్ ముక్కలు అడ్డంగా వేయించండి. పక్కపక్క బోర్డుల అడ్డం జాయింట్లు ఒకే గీతలో రాకుండా ఒకటి కిందా ఒకటి పైనా మార్చాలి.

లూవర్లు వచ్చే చోట చానళ్లు అడ్డంగా ఉండాలి. లూవర్ నిలువుగా నిలబడుతుంది, దాని వెనక ఆధారం దానికి అడ్డంగా రావాలి. నిలువు చానల్ మీద నిలువు లూవర్ పెడితే కొన్ని లూవర్ల వెనక ఏమీ ఉండదు. అక్కడ ఒకటిన్నర అడుగులకొక అడ్డం చానల్, లేదా నిలువు చానళ్ల మీద 12 మి.మీ. ప్లైవుడ్ కొట్టి దాని మీద లూవర్లు. టీవీ ఉంటుంది కాబట్టి మీకు రెండోదే మేలు. టీవీ స్టాండు పడేచోట ప్లైవుడ్ 18 మి.మీ. చేసి, వెనక బ్రాకెట్లు 300 మి.మీ.కొకటి వేయించండి. ఏసీ ఇండోర్ యూనిట్ పలకను మాత్రం ఈ ఫ్రేముకు బిగించవద్దు. దాన్ని పొడవాటి యాంకర్లతో నేరుగా ఇటుకకే బిగించాలి, మధ్య ఖాళీలో గట్టి ముక్క పెట్టాలి.

సీలింగ్ దగ్గరికొద్దాం. మామూలు వేలాడే పద్ధతిలో స్లాబు నుంచి వేలాడే 45 మి.మీ. ఇంటర్మీడియట్ చానల్, దాని కింద 26 మి.మీ. సీలింగ్ సెక్షన్, 12.5 మి.మీ. బోర్డు. అన్నీ కలిపి 83 మి.మీ. పైనే, చేయి ఆడే చోటుతో నాలుగైదు అంగుళాలు పోతాయి. బ్రాకెట్‌తో ఇంటర్మీడియట్ చానల్ అవసరం లేదు, సెక్షన్ దాదాపు స్లాబుకు ఆనుకుంటుంది. రెండు, రెండున్నర అంగుళాల్లో పని అయిపోతుంది. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న మీకు ఇదే కావాలి. కానీ లైట్లు ముందే ఎంచుకోండి. లోపలికి దిగే లైటుకు దాని లోతు, డ్రైవర్ (లైటుకు కరెంటు ఇచ్చే చిన్న డబ్బా) చోటు కలిపి కొలవాలి. చాలకపోతే పైన అతికే రకం లైట్లు తీసుకోవాలి. సీలింగ్ నాలుగంగుళాల కంటే కిందికి దించాలనుకునేవాళ్లు యు బ్రాకెట్ వాడకండి. పొడవాటి పల్చటి కాళ్లు ఊగుతాయి, అక్కడ వేలాడే పద్ధతే సరి.

గది చుట్టూ గోడకు పెరిమీటర్ చానల్ (సీలింగ్ అంచులు ఆనే సన్నటి చానల్), రెండడుగులకొక స్క్రూ, మూలల్లో అదనంగా. మొత్తం 54 అడుగులకు 30 దాకా పడతాయి. సీలింగ్ సెక్షన్లు 12 అడుగుల వైపుగా పరిస్తే కోత లేకుండా సరిపోతాయి, ఎందుకంటే సెక్షన్ పొడవు కూడా 3660 మి.మీ., అంటే 12 అడుగులే. గోడ నుంచి గోడకు బిర్రుగా ఉండకుండా కొంచెం తగ్గించడం మరవకండి. సెక్షన్ల మధ్య 457 మి.మీ. బోర్డు పొడవు 1829 మి.మీ., అంటే సరిగ్గా నాలుగు ఖాళీలు, కాబట్టి బోర్డు కొస ఎప్పుడూ సెక్షన్ మీదే పడుతుంది. 15 అడుగుల్లో పది ఖాళీలు, తొమ్మిది సెక్షన్లు. ఒక్కోదానికి గోడ నుంచి 200 మి.మీ.లో మొదటి బ్రాకెట్, తర్వాత 815 మి.మీ. చొప్పున, మొత్తం ఐదు. తొమ్మిది ఐదులు 45. మిగిలిన ఐదు ఇనుము తగిలి జరపాల్సినచోట, పాడైనచోట పనికొస్తాయి.

బోర్డులు ఎనిమిది చాలు. మూడు వరుసలు, ఒక్కో వరుసకు రెండున్నర. సగం ముక్కను మొదటి వరుసలో కుడి చివర, రెండో వరుసలో ఎడమ చివర వేస్తే జాయింట్లు కలవవు. బోర్డు స్క్రూలు 25 మి.మీ.వి, 230 మి.మీ.కొకటి. తల కాగితాన్ని చింపకుండా కొంచెం లోపలికి దిగితే చాలు. కాగితం చిరిగితే ఆ స్క్రూ పట్టదు, పక్కన ఇంకోటి వేయాలి.

బరువు గురించి భయపడే వాళ్లకు ఒక లెక్క. ఫ్రేముతో కలిపి ఈ సీలింగ్ చదరపు మీటరుకు 12 కిలోల లోపే. ఒక్కో బ్రాకెట్ మోసేది ఐదు కిలోల లోపు. బ్రాకెట్ దానికి ఎన్నో రెట్లు మోస్తుంది. యాంకర్ అంత మోస్తుందా అన్నదే ప్రశ్న. అందుకే సెక్షన్లు ఎక్కించే ముందు గదిలో మూడు నాలుగు చోట్ల బ్రాకెట్ కాళ్ల రంధ్రాల్లోంచి బైండింగ్ వైరు వేసి 20 కిలోల పుట్టీ బస్తా అరగంట వేలాడదీయండి. కింద ఎవరూ నిలబడొద్దు. యాంకర్ తల చుట్టూ పెన్సిల్‌తో గీసిన గీత కదిలినా, ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత పగులు వచ్చినా ఆ భాగంలో యాంకర్ పొడవు పెంచాలి.

ఫ్యాను ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ ఫ్రేముకు వేలాడకూడదు. స్లాబు కొక్కెం నుంచే రాడ్డు దిగాలి. బోర్డులో రాడ్డు రంధ్రం చుట్టూ 10 మి.మీ. ఖాళీ ఉండాలి. రాడ్డు బోర్డుకు తగిలితే అదురు ఫ్రేమంతా పాకి, ముందు ఆ చుట్టూ ఉన్న జాయింట్లు విడిపోతాయి. పాతికేళ్ల కొక్కెం తుప్పు పట్టిందేమో బోర్డు మూసే ముందే చూడండి. తర్వాత చూడాలంటే కోయాల్సిందే.

బోర్డు మూసే రోజు మీరు ఇంట్లో ఉండండి. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని చానళ్ల మీద అడ్డంగా, ఏటవాలుగా పెట్టి చూడండి. కింద 3 మి.మీ. దాటి వెలుతురు కనిపిస్తే ఆ బ్రాకెట్ స్క్రూలు విప్పి సరిచేయించండి. ప్రతి చానల్‌నూ చేత్తో పట్టి ఊపండి. కదిలిందంటే ఎక్కడో ఒక కాలుకు స్క్రూ పడలేదు. కొలత టేపు ఫొటోలో కనిపించేలా ఫ్రేముకు ఆనించి ఫొటోలు తీసుకోండి, రేపు కర్టెన్ రాడ్డు బిగించేటప్పుడు చానల్ ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు.

స్లాబు తట్టి చూశాక గుల్ల ఎంత మేర ఉందో, ప్లాస్టరింగ్ మందం ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి. మందం 15 మి.మీ. దాటితే 40 మి.మీ. యాంకర్ చాలదు, అప్పుడు ఏ పొడవు తీసుకోవాలో చెప్తాను. గుల్ల మూడు నాలుగు చోట్ల కంటే ఎక్కువ ఉంటే స్లాబు ప్లాస్టరింగ్ మొత్తం దింపేసి నేరుగా కాంక్రీటుకు బిగించడమే తక్కువ ఖర్చు.